ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా

జనవరి 8

ఈ విడత పదకొండు మంది. మొదటి రోజు కాబట్టి అందరూ వచ్చారు. నేను ఎప్పటిలాగే వెనక గోడ మీది గడియారంతో మాట్లాడాను. మొహాలు చూస్తే మాట తడబడుతుంది. గడియారమైతే ఎదురు ప్రశ్న వేయదు.

చెప్పింది పాత పాఠమే. సముద్రంలో కంటికి కనపడనంత చిన్న మొక్కలు తేలుతూ ఉంటాయి. ఎండ, గాలి, అడుగునుంచి పైకొచ్చే పోషకాలు మూడూ కలిసొచ్చిన కాలంలో అవి ఒక్కసారిగా పెరిగి నీళ్ళు పచ్చబడతాయి. దాన్ని మనం పూత అంటాం. ఉపగ్రహం పైనుంచి ఆ పచ్చదనాన్ని కొలుస్తుంది. ఎనిమిది రోజులకు ఒక అంకె. ఏడాదికి నలభై ఆరు అంకెలు. వాటిని వరసగా గీసి, పూత ఏ వారంలో మొదలైందో చెప్పడమే ఈ ప్రాక్టికల్.

ఎనిమిది రోజులు వారమెలా అవుతుంది, ఆదివారం రెండుసార్లు సెలవిస్తారా అని ముందు వరసలో ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు. అతన్ని రేడియో అంటారట. ఎందుకో అడగక్కర్లేకపోయింది.

కంప్యూటరు ముట్టుకునే ముందు ప్రతి ఏడాదినీ గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీయాలన్నాను. పదేళ్ళకు పది కాగితాలు. నవ్వు ఆగిపోయింది. పోయిన విడత దాకా ఈ నియమం లేదు. కంప్యూటరు గీత గీసి పెడితే పిల్లలు దాన్ని చూడరు, అతికించేస్తారు. అందుకని పెట్టాను.

ఇంకొక నియమం. మబ్బు పట్టిన వారంలో ఉపగ్రహానికి నీళ్ళు కనపడవు, అక్కడ అంకె ఉండదు. లేదు కాబట్టి మీరూ పెట్టకండి, పక్క వారాన్ని చూసి ఊహించకండి, గీత ఆపేసి మళ్ళీ అంకె దొరికిన చోట మొదలుపెట్టండి అన్నాను. ఇది చెప్పేటప్పుడు మాత్రం మాట తడబడలేదు.

సముద్రాన్ని పదకొండు చోట్లుగా చేసి చీటీలు వేసి పంచాను. అఖాతం చీటీ మూడో వరసలో ఒక అమ్మాయికి వచ్చింది. అఖాతం ఫైలు నేను సొంతంగా తయారుచేసుకున్నది. నా పరిశోధన పేపరు దాని మీదే.

జనవరి 9

ఏమీ లేదు.

జనవరి 16

పెద్దసారు పిలిచారు. మా విభాగానికి ఆయనే అధిపతి. మార్చి పంతొమ్మిదిన కమిటీ కూర్చుంటుందట. నా ఉద్యోగం పర్మనెంటు చేసే విషయం అందులో ఉంది. మూడేళ్ళుగా ఏడాదికోసారి పొడిగిస్తున్నారు.

నాకు ఉన్నది ఒకే పేపరు, అయినా అది చాలన్నారు. అఖాతంలో పూత మూడు వారాలు ముందుకు జరిగిందని చెప్పిన పేపరు. నా పేరు ముందు, ఆయన పేరు వెనక. "ఒక్క ఏడాది తొందరపడితే ఎవరూ పట్టించుకోరమ్మా. వరసగా రెండేళ్ళు తొందరపడింది చూడు, అదీ నీ అదృష్టం" అన్నారు.

అమ్మతో చెప్పాను. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పని చేసింది. సాయంత్రానికల్లా ఎవరెవరికి చెప్పాలో వాళ్ళందరికీ చెప్పేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, సంతోషించవచ్చు, దానికేం బిల్లు రాదు అంది.

సంతోషంగానే ఉన్నాను అన్నాను. బాగానే ఉన్నాను.

జనవరి 24

అఖాతం చీటీ వచ్చిన అమ్మాయిని వాళ్ళు స్కేలు అంటారు. కొలవకుండా ఏ పనీ చేయదు. బెంచీ మీద ఎవరెంత మేర కూర్చోవాలో సుద్దముక్కతో గీత గీసింది. నవ్వదు. పెన్సిల్‌ను బ్లేడుతో చెక్కి, ముక్కును గరుకు కాగితం మీద రుద్దుకుంటుంది. నేను కూడా అలాగే చేసేదాన్ని.

వచ్చే ఏడాది పరిశోధన ఓడ మీద శిక్షణకు ఈ విడతలో ఎంపికైంది ఆమె ఒక్కతే. నలభై రోజులు నీళ్ళ మీద ఉంటుంది. నీళ్ళు తోడి, వడకట్టి, సూక్ష్మదర్శినిలో ఆ మొక్కల్ని చూస్తుంది. నేను ఇంతవరకు చూడలేదు. నా సముద్రం మొత్తం అంకెలే.

ఫిబ్రవరి 3

మధ్యాహ్నం క్లాసయ్యాక స్కేలు నా గది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. రమ్మంటే వచ్చింది. చేతిలో రెండు కాగితాలు, ఏడో ఏడాదిది, ఎనిమిదో ఏడాదిది. ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచూసి, కిటికీ అద్దానికి ఆనించి రెండు చేతులతో నొక్కిపట్టింది. వెలుతురులో రెండు గీతలూ కనపడ్డాయి. జనవరి నుంచి విడివిడిగా నడిచాయి. జూన్ మధ్యలో కలిశాయి. జులై చివర మళ్ళీ విడిపోయాయి.

"ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా మేడం. ఆరు వారాలు. వెంట్రుకవాసి తేడా లేదు."

నేను దగ్గరికి వెళ్ళి గళ్ళు లెక్కపెట్టాను.

"సముద్రం కాపీ కొట్టదు కదా మేడం."

చేతి పొరపాటు అయి ఉంటుంది, ఎనిమిదో ఏడాది మళ్ళీ గీయి అన్నాను. సరేనంది. కాగితాలు తీసేశాక అద్దం మీద ఆమె పది వేళ్ళ గుర్తులూ మిగిలాయి.

ఫిబ్రవరి 4

చేతి పొరపాటే.

ఫిబ్రవరి 10

మళ్ళీ గీసి తెచ్చింది. ఈసారి అంకెలు కూడా పక్కన రాసుకొచ్చింది. ఏడాదికి నలభై ఆరు చొప్పున రెండు నిలువు వరసలు. ఇరవై ఒకటి దగ్గర నుంచి ఆరు వరసలకు ఎర్ర పెన్సిల్‌తో చుక్కలు. దశాంశం తర్వాత నాలుగు స్థానాల దాకా అవే అంకెలు.

కాగితం మీద "మళ్ళీ చూడు" అని రాసి ఇచ్చాను.

కాన్వెంటులో లెక్కల సిస్టర్ రబ్బరు వాడనిచ్చేది కాదు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన ఒప్పు రాయాలి, ఆ గీత కింద తప్పు చదవగలిగేలా ఉండాలి. పన్నెండేళ్ళు అలాగే రాశాను. ఈ రోజు స్కేలు తలుపు దాటకముందే పిలిచి, కాగితం తీసుకుని, నేను రాసింది రబ్బరుతో చెరిపి ఇచ్చాను. ఆమె చూసింది.

ఫిబ్రవరి 11

ఫోల్డరు తెరిచి చూడాలి. ఈ వారం తీరిక లేదు.

ఫిబ్రవరి 13

తీరిక లేదు. ల్యాబులో సీసాలన్నిటికీ కొత్త చీటీలు అంటించాను. నూట పన్నెండు సీసాలు.

ఫిబ్రవరి 17

తెరిచాను.

ఎనిమిదో ఏడాది ఫోల్డరులో ఆ ఆరు ఫైళ్ళ పేర్లు ఎనిమిదో ఏడాదివే. లోపల తేదీలు ఏడో ఏడాదివి. ఎవరో ఏడో ఏడాది ఫైళ్ళను తెచ్చి, పేరు మార్చి ఇక్కడ పెట్టారు. ఎవరో ఏమిటి, ఈ ఫోల్డరు నా లాప్‌టాప్ తప్ప ఇంకొకటి ఎరగదు.

ఉపగ్రహం వాళ్ళ మూల సైటు నుంచి ఎనిమిదో ఏడాది ఫైళ్ళు మళ్ళీ దింపుకున్నాను. ఇరవై ఒకటి ఖాళీ. ఇరవై రెండు ఖాళీ. ఆరూ ఖాళీ. ఆ నలభై ఎనిమిది రోజులూ అఖాతం మీద మబ్బు వీడలేదు.

అంటే ఎనిమిదో ఏడాది పూత ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ముందు వచ్చి ఉండవచ్చు, వెనక వచ్చి ఉండవచ్చు. తొందరపడింది ఒక్క ఏడాదే. వరసగా రెండేళ్ళు కాదు. పేపరులో చెప్పిన మూడు వారాలు లేవు.

ఆ జూన్, జులైలలో నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. లాప్‌టాప్ అక్కడికే తీసుకెళ్ళేదాన్ని. ఈ పని ఎప్పుడు చేశానో గుర్తు లేదు.

ఫిబ్రవరి 18

ప్రోగ్రాము సరిగ్గా నడుస్తుందో లేదో చూడటానికి తాత్కాలికంగా పెట్టి ఉంటాను. తీసేయడం మరిచిపోయి ఉంటాను. ఎవరైనా చేసే పనే. గుర్తు లేదు.

ఇంతకు ముందు రెండు విడతల్లో అఖాతం ఇద్దరికి వచ్చింది. వాళ్ళు చూడలేదు. పేపరు అచ్చువేసిన పత్రిక పెద్దలు చూడలేదు. పెద్దసారు చూడలేదు. రెండు కాగితాలు తెచ్చి కిటికీకి ఆనించే మనిషి కోసం నేనే ఒక నియమం పెట్టాను.

ఫిబ్రవరి 20

పెద్దసారుకు చెబుదామని వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే మొదలుపెట్టారు. నా దగ్గర జవాబు దొరక్క స్కేలు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్ళిందట. ఫైలులో తప్పుందేమో చూడమని అడిగిందట.

ఆయనకు కోపం రాలేదు. ఆయనకు కోపం వస్తే నాకు తేలికగా ఉండేది. పిల్లలు ఎక్కడ కష్టం తప్పించుకుంటారో తనకు బాగా తెలుసన్నారు. పది కాగితాలు గీయమంటే తొమ్మిది గీసి, ఒకచోట పాత అంకెలే ఎక్కించేసింది, దొరికిపోతానని భయపడి నెపం ఫైలు మీదకు నెట్టింది, అంతే అన్నారు.

"నీ ఫైలు నువ్వు చూసుకున్నావుగా?"

"చూశాను సార్."

"అయితే ఇంకేం? సున్నా వెయ్యి. పక్కన కాపీ అని రాయి. కమిటీ ముందు ఇలాంటి గాలి మాటలు తిరగడం నీకే మంచిది కాదు."

చూశాను అన్నది అబద్ధం కాదు. సరే సార్ అనలేదు. కాదనీ అనలేదు. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. ఆయన మాత్రం సరేననుకున్నారు.

మార్కులు ఎక్కించడానికి గడువు మార్చి పన్నెండు. కాపీ అని పడితే ఓడ జాబితాలోంచి ఆమె పేరు కొట్టేస్తారు.

ఫిబ్రవరి 21

బాగానే ఉన్నాను.

ఫిబ్రవరి 22

బాగానే ఉన్నాను. బట్టలు ఉతికాను.

ఫిబ్రవరి 26

స్కేలు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. మూడోసారి గీసిన కాగితం బల్ల మీద పెట్టింది. దాన్ని విప్పి చూడలేదు నేను.

"మేడం, నేను కాపీ కొట్టానని మీరు అనుకుంటున్నారా?"

బల్ల మీద నా పెన్సిల్ దొర్లుతోంది. ఆపాను.

"లేదు."

"మరి ఆ మాట సారుకు చెప్పండి మేడం. నేను చెబితే నాకు నోరెక్కువైందంటున్నారు. ఇంట్లో కూడా అదే అంటారు."

సరేనన్నాను. ఆమె ఇంకా నిలబడి ఉంది. ఇంకేదైనా అడుగుతుందేమో అనుకున్నాను.

"మబ్బు వారం ఖాళీగా వదలమని మీరే కదా మేడం చెప్పారు. నాకు ఖాళీ దొరికితే వదిలేసేదాన్నే" అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

మార్చి 2

మబ్బు. క్లాసు లేదు.

మార్చి 4

కింది వాటాలో ఉండే ఆవిడ మెట్ల మీద ఆపి, ఉద్యోగం ఖాయమైపోయిందట కదా అంది. ఇంకా లేదండీ అన్నాను. మీ అమ్మగారు అయిపోయిందన్నారే అంది.

ఇంట్లోకి వచ్చి అమ్మని అడిగితే, నీ నోట్లోంచి ఆ మాట వచ్చేసరికి ఆవిడకు మనవలు పుడతారు, అందుకని ముందే చెప్పానంది. తర్వాత నా పక్కన కూర్చుంది. "నువ్వు మొద్దుబారిపోయావే" అంది. "మీ నాన్న పోయినప్పుడు ఏడవలేదు, సరే, ధైర్యం అనుకున్నాను. పేపరు అచ్చయినప్పుడు నవ్వలేదు, సరే, దుఃఖం అనుకున్నాను. ఇప్పుడు ఇదేమిటి?"

తలనొప్పి అన్నాను. బిళ్ళ ఇచ్చింది. వేసుకున్నాను.

మార్చి 9

ఈ రోజు క్లాసులో పూత మొదలైన వారాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పాను. నలభై ఆరు అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నది తీసుకుని, దానికి ఐదు శాతం కలపాలి. గీత ఆ మట్టాన్ని మొదటిసారి ఎక్కడ దాటితే అక్కడ పూత మొదలు. రేడియో తన చోట అసలు దాటలేదన్నాడు. చూస్తే కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను అనుకుంటాను.

స్కేలు నవ్వలేదు. ఆమె బెంచీ మీద సుద్ద గీత ఇంకా ఉంది. పక్కన కూర్చునే అమ్మాయి వేరే వరసకు వెళ్ళిపోయింది. క్లాసంతా ఆమె కాపీ కొట్టిందనే అనుకుంటోంది. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు.

క్లాసు చివర చేయి ఎత్తింది. ఆరు వారాలు ఖాళీగా ఉన్న ఏడాదిలో మధ్య అంకె ఎలా తీయాలి అని అడిగింది. ఉన్న నలభైతోనే తీయాలి అన్నాను. ఆ ఖాళీలోనే పూత మొదలై ఉంటే, అంది. అప్పుడు ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేయాలి, అన్నాను.

"తీసేస్తే ఏమవుతుంది మేడం?"

"ఏమీ కాదు. తెలియదని రాస్తాం."

గడియారం వైపు కాకుండా ఆమె వైపు చూసి చెప్పాను. తర్వాత గంట కొట్టారు.

మార్చి 11

వారం ఆగవచ్చు. పన్నెండున మార్కులు, పంతొమ్మిదిన కమిటీ. ముందు కమిటీ అయిపోనిచ్చి, ఆ తర్వాత పేపరు సంగతి చెప్పి, స్కేలు మార్కులు దిద్దించవచ్చు. ఉద్యోగం ఉంటేనే కదా దిద్దడానికి అధికారం ఉండేది. పొద్దున్నుంచి ఈ లెక్క మూడుసార్లు వేశాను. మూడుసార్లూ సరిపోయింది.

ఓడ జాబితా పన్నెండో తేదీ సాయంత్రమే వెళ్ళిపోతుంది. ఇది లెక్కలో వేయలేదు.

మార్చి 12

పదిన్నరకు మార్కుల పేజీ తెరిచాను. పదకొండు పేర్లు. పదింటికి ఎక్కించాను. రేడియోకు నలభై ఒకటి. తలకిందులైనా సరిగ్గానే గీశాడు.

స్కేలు పేరు ఎదురుగా యాభైకి యాభై వేశాను. పక్కన వ్యాఖ్య గడి ఉంది. "విద్యార్థిని గీసినది సరి. ఇచ్చిన ఫైలు తప్పు. ఫైలు నాది." అని రాసి పంపేశాను. పంపాక వెనక్కి తీసుకునే వీలు లేదు. అది తెలుసు కాబట్టే ముందు పంపి, తర్వాత పెద్దసారు గదికి వెళ్ళాను.

మొత్తం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. వయసైపోయిన మనిషిలా ఉన్నారు. ఇంతకుముందు ఎప్పుడూ నాకలా అనిపించలేదు.

"వారం ఆగితే ఏం పోయేదమ్మా?"

"ఆ అమ్మాయి పేరు ఈ రోజే వెళ్తుంది సార్."

"పేపరు మీద నా పేరు కూడా ఉంది."

"ముందు నా పేరుంది సార్."

ఆయన నవ్వారో, దగ్గారో. ఎలా జరిగిందని అడిగారు. గుర్తు లేదు సార్ అన్నాను. ఆరు ఫైళ్ళకు ఒక్కొక్కదానికి పేరు మార్చి పెట్టి గుర్తు లేదంటావేంటి అన్నారు. నేను మళ్ళీ అదే మాట చెప్పాను. సరే, పత్రికకు దిద్దుబాటు రాయి, రాసి నాకు చూపించు, ఇద్దరం సంతకం పెడదాం అన్నారు. తలుపు దాకా వచ్చాక వెనకనుంచి, కమిటీ గురించి ఇక నేను మాట ఇవ్వలేను అన్నారు. సరే సార్ అన్నాను. ఈసారి పైకి అన్నాను.

మార్చి 13

క్లాసులో చెప్పాను. అఖాతం ఫైలులో తప్పు నాదని, స్కేలు దాన్ని పట్టుకుందని. పేరు పెట్టి కాదు, స్కేలు అనే అనేశాను. స్కేలు ముందు బెంచీలోని అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. రేడియో మెల్లగా, మేడంకి సున్నా వెయ్యాలా అన్నాడు. వెయ్యి అన్నాను.

క్లాసయ్యాక స్కేలు వస్తుందనుకున్నాను. రాలేదు. తలుపు కింద నుంచి ఒక కాగితం తోసి వెళ్ళింది. ఎనిమిదో ఏడాది. నాలుగోసారి. మూల సైటు నుంచి తనే అంకెలు దింపుకుని గీసింది. ఇరవై దగ్గర గీత ఆగింది. ఆరు గళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇరవై ఏడు దగ్గర మళ్ళీ మొదలైంది. ఏమీ రాయలేదు, సంతకం కూడా.

మార్చి 19

కమిటీ అయింది. నా పేరు పక్కన పెట్టారు. ఇంకో ఏడాది పొడిగింపు, ఆ తర్వాత చూస్తారట. పెద్దసారే ఫోన్ చేసి చెప్పారు. తీసేయమన్నవాళ్ళు కూడా ఉన్నారట. ఆయన కాదన్నారట. అది నాకు చెప్పాలని లేదు ఆయనకు, నోరు జారారు.

అమ్మకు చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఫైలు తప్పు పెట్టానని మాత్రమే. అమ్మ విని, కింది వాటా ఆవిడకు ఏం చెప్పాలో నేనే చూసుకుంటాలే అంది. అంతే అంది.

మార్చి 22

ఆదివారం. పత్రిక వాళ్ళ దిద్దుబాటు పత్రం ముందు పొద్దున్నుంచీ కూర్చున్నాను. ఏది తప్పు: రాశాను. ఏది ఒప్పు: రాశాను. తప్పు ఎలా జరిగింది: ఒక గడి, నాలుగు వాక్యాలకు మించకూడదు.

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. గుర్తు లేదని ఫిబ్రవరి పదిహేడున రాశాను. పద్దెనిమిదిన రాశాను. మొన్న పన్నెండున పెద్దసారుతో రెండుసార్లు అన్నాను.

గుర్తుంది. స్కేలు ఆ కాగితాలు అద్దానికి ఆనించినప్పుడే గుర్తుంది.

ఆసుపత్రిలో సాయంత్రం పూట నాన్న నన్ను సముద్రం ఎలా ఉందని అడిగేవారు. మొదట పొద్దుపోక అడిగారు. నేను లాప్‌టాప్ ఆయన పొట్ట మీద పెట్టి కొత్త బొమ్మ చూపించేదాన్ని. నీలం మధ్యలో పచ్చ మరకలు. ఇక్కడ పూత మొదలవుతోంది నాన్నా అనేదాన్ని. మంచం మీద పడుకున్న మనిషికి అదొక కిటికీ అయింది. తర్వాత మబ్బు పట్టింది. అంకెలు లేకపోతే మా ప్రోగ్రాము బూడిదరంగు పలక చూపిస్తుంది. ఆ పలక చూసి, ఇవాళ లేదా అన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు కూడా పలకే. ఆ మర్నాడు వరండాలో కుర్చీలో కూర్చుని, పోయినేడాది అదే వారం ఫైలు తెచ్చి, పేరు మార్చి పెట్టాను. సాయంత్రం నీళ్ళు పచ్చగా ఉన్నాయి. నాన్న ఇటు తిరిగి పడుకున్నారు. మబ్బు వీడలేదు, ఎనిమిది రోజులకొకటి చొప్పున అలా ఆరు ఫైళ్ళు పెట్టాను.

ఆరో బొమ్మ తర్వాత నాలుగు రోజులకు ఆయన పోయారు. ఫోల్డరు అలాగే ఉండిపోయింది. సెప్టెంబరులో దాని మీదే ప్రోగ్రాము నడిపాను. గీత రెండో ఏడాది కూడా ముందుకు వచ్చింది. నేను అడ్డు చెప్పలేదు.

ఇది రాసి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది. చెప్పాను, ఇక్కడ రాసినట్టే. మడత ఆపకుండా వింది.

"ఆయనకు తెలుసు."

ఏం తెలుసన్నాను.

"అది పోయినేడాది బొమ్మ అని. మూలన తేదీ ఉంటుందటగా. నలభై ఏళ్ళు బస్సు డిపోలో టైమ్ కీపరు చేసిన మనిషి, తేదీ చూడకుండా వదుల్తారా? నువ్వు అటు వెళ్ళగానే నాతో అన్నారు, ఇది పోయినేడాది సముద్రమే, పిల్ల నా కోసం తెచ్చింది అని."

"మరి రోజూ ఎందుకు అడిగేవారు?"

"అడిగితే నువ్వు పక్కన కూర్చునేదానివి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తేవడం మానేస్తావని. నన్నూ చెప్పొద్దన్నారు." దిండు గలీబు రెండు కొసలూ కలిపి పట్టుకుని, ఇంకో రెండు కొసలు నా చేతికి ఇచ్చింది. ఇద్దరం మడతపెట్టాం.

గదిలోకి వచ్చాను. ఆ గడిలో ఇలా రాశాను: "మబ్బు వల్ల ఆ ఆరు వారాలు ఉపగ్రహానికి కనపడలేదు. కనపడినట్టు నేను పాత అంకెలు పెట్టాను. తెలిసే పెట్టాను. ఆ ఏడాది పూత ఎప్పుడు మొదలైందో తెలియదు." నాన్న సంగతి రాయలేదు. పత్రిక వాళ్ళకు అది అక్కర్లేదు. స్కేలు గీసిన కాగితం ఫోటో తీసి జతచేశాను, గీసింది ఎవరో కింద రాశాను, ఈసారి అసలు పేరుతో. పెద్దసారు సంతకానికి పంపాను.

పంపాక ఏడుపు వచ్చింది. ఆపలేదు. చాలాసేపు ఆగలేదు. తలుపు అవతల అమ్మ వచ్చి నిలబడ్డ చప్పుడు తెలిసింది. తలుపు కొట్టలేదు.